ఆవిరి పట్టడానికి గిన్నె మేలా, స్టీమర్ మేలా?

వావిలాకో పసుపో వేసి ఆవిరి పట్టాలంటే గిన్నే. దాంతో చిక్కల్లా కాలడం. పొయ్యి మీంచి దించి రెండు నిమిషాలాగి, ఒళ్లో కాకుండా బల్లమీద పెట్టి, మొహం జానెడున్నర ఎడంగా ఉంచాలి. చిన్నపిల్లల్ని దరిదాపుల్లోకి రానీయొద్దు.

చవక స్టీమర్లలో చాలావాటికి నీళ్లలోంచే కరెంటు పారి నీళ్లు మరుగుతాయి. అందుకే లవణాలు తక్కువుండే ఆర్‌వో నీళ్లు పోస్తే ఆవిరి సన్నగా వస్తుంది. అప్పుడు చిటికెడు ఉప్పు వేస్తే చాలు. కనిగిరి, పొదిలి వైపు ఉప్పటి బోరునీళ్లు పోశారో, కుతకుత పొంగి మొహాన వేడి చుక్కలు చిమ్ముతుంది. పైగా లోపల కరెంటు పారే రేకులకు తెల్లటి పొర కడుతుంది. ప్లగ్గు తీసి, నిమ్మరసం నీళ్లలో అరగంట నాననిచ్చి కడిగితే పోతుంది. మూత తీసే ముందు ప్లగ్గు పీకాల్సిందే, ఆ నీళ్లు ముట్టుకుంటే షాకే. ఆకులు, పసుపు ఇందులో వేయొద్దు. కర్పూరమైతే రెండింట్లోనూ వద్దు, పసిపిల్లలకు ఫిట్స్ రావచ్చు.