ఒకే ఇంట్లో ఏడు రకాల నేలలు: నాలుగేళ్ళు వాడాక నా రివ్యూ

మేము ఇల్లు కట్టుకుని నాలుగేళ్ళు దాటింది. ఏడు చోట్ల ఏడు రకాల ఫ్లోరింగ్ వేశాం. ఒకటి పగలగొట్టి మళ్ళీ వేయించాం, ఇంకొకటి తీసేయాలని ఈమధ్యే తేల్చుకున్నాం, మిగతావాటి మీద హాయిగా నడుస్తున్నాం. కంపెనీల పేర్లు రాయడం లేదు. మాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలా వరకు సరుకు బాగాలేక వచ్చినవి కావు, ఒక గదికి పనికొచ్చేది తెచ్చి ఇంకో గదిలో వేయడం వల్ల వచ్చినవి.

ముందు బాత్రూమ్ గురించి చెప్పాలి, అమ్మ పడింది అక్కడే.

గోడలకి ఎంచుకున్న నున్నగా మెరిసే గ్లాసీ టైల్ చూడ్డానికి ఎంత బాగుందంటే, అదే డిజైన్ నేలకి కూడా తీసుకున్నాం. షాపులో చెప్పులేసుకుని పొడి టైల్ మీద నిలబడితే ఏ తేడా తెలియదు కదా. ఇంట్లో చేరిన రెండో నెలలో, సబ్బు నీళ్ళు పూర్తిగా పోకముందే అమ్మ లోపలికి వెళ్ళి జారి పడింది, మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టుతో ఉంది. కట్టు విప్పకముందే ఆ నేలంతా పగలగొట్టించాను.

అప్పుడు తెలుసుకున్న విషయం ఇది. టైల్స్‌కి జారుడు కొలత ఉంటుంది, మంచి కేటలాగ్‌లలో రాస్తారు. ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉండేది బూట్లతో, నూనె పోసిన వాలు బల్ల మీద నడిచి చూసిన కొలత. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. ఒట్టి కాళ్ళతో తడి నేల మీద నడిచి చూసే కొలత వేరే ఉంది, దానికి ఏ, బి, సి అని మూడు తరగతులు, సి అన్నిటికంటే గట్టి పట్టు. స్నానం చేసే చోటికి బి తరగతి అడగండి. అమ్మేవాళ్ళు "యాంటీ స్కిడ్ అండీ" అని మాట చెప్పి ఊరుకుంటే ఊరుకోకండి, ఏ తరగతో కాగితం మీద చూపించమనండి.

రెండోసారి 300 బై 300 మిల్లీమీటర్ల మ్యాట్ (మెరుపు లేని, గరుకు) టైల్ వేయించాం. చిన్న సైజు ఎందుకంటే, నీళ్ళు జాలీ వైపు పోవాలంటే నేలకి వాటం కావాలి, మీటరుకి 10 నుంచి 12 మిల్లీమీటర్లైనా ఉండాలి, అది కూడా నాలుగు వైపుల నుంచీ జాలీ దగ్గరికి దిగాలి. పెద్ద టైల్ అలా వంగదు, ముక్కలుగా కోయాల్సిందే. చిన్న టైల్ వాటంతో పాటే దిగుతుంది, పైగా టైల్స్ మధ్య గీతలు ఎక్కువ కాబట్టి కాలికి ఇంకాస్త పట్టు. దీని లోపం ఒకటుంది: గరుకులో సబ్బు మడ్డి చేరుతుంది, వారానికోసారి బ్రష్‌తో రుద్దాలి. రుద్దుతున్నాను, ఏ బాధా లేదు. యాసిడ్ మాత్రం పోయకండి, టైల్‌కి ఏమీ కాకపోయినా గీతల్లోని సిమెంట్ గ్రౌట్‌ని తినేస్తుంది, అక్కడి నుంచి నీళ్ళు కిందికి దిగుతాయి.

హాల్లో వేసింది డబుల్ చార్జ్ విట్రిఫైడ్ (బాగా కాల్చి గట్టిపరిచిన) టైల్. ఇంట్లో నాకు బాగా నచ్చిన కొనుగోలు ఇదే. మామూలు గ్లేజ్డ్ టైల్‌లో డిజైన్ పైన సన్నని పొరలోనే ఉంటుంది, అది అరిగితే లోపలి రంగు బయటపడుతుంది. డబుల్ చార్జ్‌లో రెండు పొడులు కలిపి నొక్కుతారు, పై రంగు 3, 4 మిల్లీమీటర్ల లోతు దాకా ఉంటుంది. వీధి నుంచి చెప్పులతో వచ్చే ఇసుకని తక్కువ అంచనా వేయకండి, అందులో ఉండేది క్వార్ట్జ్, చాలా గట్టిది, రోజూ కాళ్ళ కింద నలుగుతూ నేలని గీకుతూనే ఉంటుంది. నాలుగేళ్ళుగా కుర్చీలు లాగుతున్నా, పాప సైకిల్ తొక్కుతున్నా మా హాల్లో వెతికి చూస్తే తప్ప గీత కనపడదు. డిజైన్లు తక్కువే దొరుకుతాయి, పాలరాయి లాంటి పెద్ద చారలు కావాలంటే ఇందులో రావు. పాలిష్ చేసిన రకంలో కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి కాబట్టి టీ ఒలికితే వెంటనే తుడవాలి.

టైల్ ఎంత మంచిదైనా వేసే పద్ధతి సరిగ్గా లేకపోతే డబ్బు వృథా. విట్రిఫైడ్ నీటిని 0.5 శాతానికి మించి పీల్చుకోదు, అదే దాని బలం. కానీ అందుకే మామూలు సిమెంట్ పాలు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. మా మేస్త్రి పాత అలవాటుతో సిమెంట్ ముద్దలు నాలుగు మూలలా పెట్టి పైన టైల్ అద్దడం మొదలుపెట్టాడు. సాయంత్రం నాణెంతో కొట్టి చూస్తే చాలా చోట్ల డొల్ల శబ్దం. ఆ రోజు వేసినవన్నీ తీయించి, టైల్ అడెసివ్ తెప్పించి, పళ్ళ కరణితో నేలంతా పరిచి మళ్ళీ వేయించాను. అతనికి కోపం వచ్చింది, నాకు రెండు రోజులు టెన్షన్, అయినా ఆ పని చేయించినందుకు ఇప్పటికీ సంతోషమే. ఇంకొకటి, టైల్స్ మధ్య గీత కనపడకుండా ఆనించి వేస్తే అందంగా ఉంటుందని చాలామంది అంటారు. వినకండి. టైల్స్ మధ్య సందు కోసం పెట్టే చిన్న ముక్క, 2 మిల్లీమీటర్ల స్పేసర్, పెట్టించండి. వేడికి టైల్ కాస్త సాగుతుంది, చోటు లేకపోతే ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి.

వంటింట్లో మ్యాట్ ఫినిష్ గ్లేజ్డ్ విట్రిఫైడ్, అరుగుదల కొలత పీఈఐ 4. టైల్ బాగుంది, కానీ ఇక్కడ అసలు హీరో ఎపాక్సీ గ్రౌట్, అంటే గీతల్లో సిమెంట్‌కి బదులు నింపే రెసిన్. నూనె, పసుపు ఏది పడినా గీతల్లోకి ఇంకదు. పూసేటప్పుడు టైల్ మీద మిగిలినది వెంటనే తుడవకపోతే గట్టిపడి వదలదు, కాబట్టి ఆ పని తెలిసినవాళ్ళతోనే చేయించండి.

భోజనాల గదిలో తెల్ల పాలరాయి వేయించింది నాన్న. నేను వద్దన్నాను, ఇప్పటికీ అదే మాట. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, నిమ్మరసం గానీ వెనిగర్ గానీ చుక్క పడితే రాయి పై పొర కరిగి మెరుపు పోతుంది. అది మరక కాదు, అందుకే ఎంత తుడిచినా పోదు, మళ్ళీ పాలిష్ పట్టాలి. రాయిలోకి మరకలు ఇంకకుండా పూసే సీలర్ కొట్టించాం, అది నూనె మరకలని ఆపింది గానీ ఈ మచ్చలని ఆపలేదు. రాయే కావాలనుకుంటే తినే చోట గ్రానైట్ వేసుకోండి. కానీ ఒక మాట ఒప్పుకోవాలి, వేడి రోజుల్లో నాన్న ఆ పాలరాయి మీద పడుకుని లేచి వచ్చినప్పుడు ముఖంలో కనపడే సుఖం ఇంకే నేలా ఇవ్వలేదు.

మా పడగ్గదిలో లామినేట్. మేము తీసేయబోతున్నది ఇదే. పైన ఏసీ4 పొర (ఏసీ అంటే లామినేట్ అరుగుదల కొలత), నిజంగా గట్టిది, ఒక్క గీత లేదు. లోపల ఉన్నది మాత్రం నొక్కి చేసిన చెక్క పొడి అట్ట. ఆ గదికి బాత్రూమ్ ఆనుకునే ఉంది, తడి కాళ్ళతో వచ్చే దారిలో పలకల అంచులు ఏడాదిలోపే ఉబ్బాయి, ఉబ్బినవి ఆరినా మళ్ళీ కిందికి దిగవు. ఇది లామినేట్ తప్పు కాదు. నీళ్ళు దగ్గర లేని గదిలో, తడిగుడ్డ బాగా పిండి తుడిచే ఇంట్లో చక్కగా ఉంటుంది. మా గదికి సరిపోదు, అంతే.

పాప గదిలో ఎస్‌పీసీ వేశాం, సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసే పలకలు. నీళ్ళ సీసా ఒలికినా ఉబ్బదు, టైల్‌లా చల్లగా తగలదు, పాప గంటలు గంటలు కిందే కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. కొనేటప్పుడు మొత్తం మందం ఎంతని మాత్రమే అడిగి వదిలేయకండి, పై అరుగుదల పొర ఎంతో అడగండి, 0.3 మిల్లీమీటర్లు ఉన్నవీ 0.5 ఉన్నవీ ఒకేలా కనపడతాయి, మేము 0.5 తీసుకున్నాం. కింద నేల సమంగా లేకపోతే పలకలని ఒకదానికొకటి పట్టి ఉంచే అంచుల తాళాలు విరుగుతాయి. నేరుగా ఎండ పడే కిటికీ ఉంటే పరదా తప్పనిసరి, ఎక్కువ వేడికి పలకలు సాగుతాయి.

బాల్కనీకి ఆర్11 టైల్. వానలో కూడా భయం లేదు. ముదురు రంగు తీసుకోవడం ఒక్కటే పొరపాటు, మధ్యాహ్నం ఒట్టి కాళ్ళతో అడుగు పెట్టలేం.

కొనే ముందు ఒక టైల్ ఇంటికి తెచ్చుకుని, సబ్బు నీళ్ళు పోసి, గోడ పట్టుకుని ఒట్టి కాలితో దాని మీద నిలబడి చూడండి. సరుకు దింపుకునేటప్పుడు ప్రతి బాక్స్ మీద షేడ్ నంబర్, బ్యాచ్ నంబర్ ఒకటేనా అని చూసుకోండి, మాకు రెండు బాక్సులు వేరేవి వచ్చాయి, వేయకముందే పట్టుకున్నాం కాబట్టి మార్చి ఇచ్చారు. పది శాతం ఎక్కువ తీసుకుని మిగిలినవి దాచుకోండి, అదే షేడ్ తర్వాత దొరకడం కష్టం.

వచ్చే నెల మా పడగ్గదిలో లామినేట్ తీసి ఎస్‌పీసీ వేయిస్తున్నాం. ఈసారి తలుపు కింద ఎంత సందు ఉందో, బాత్రూమ్ గడప ఎంత ఎత్తుందో ముందే కొలిచి రాసుకున్నాను.