మిరప నారు కొనేవాళ్లకు జాగ్రత్త: "జెమిని రాదు" అన్న మాట మీద డబ్బు కట్టకండి

నర్సరీలకు అడ్వాన్సులు ఇస్తున్న మిరప రైతులు ఇది ఒక్కసారి చదవండి. జెమిని అంటే మిరపలో ఆకుముడత తెచ్చే వైరస్ తెగులు. పోయిన సీజన్లో మా పల్నాడులోనే ఒక నర్సరీ నుంచి ట్రేల నారు తెచ్చి నాటాను. "జెమినిని తట్టుకునే రకం, మా షెడ్డులో వైరస్ అనేదే లేదు" అని చెప్పి మామూలు రేటు కంటే ఎక్కువే తీసుకున్నారు. నెల తిరక్కుండానే లేత ఆకులు చిన్నవై పైకి ముడుచుకున్నాయి. ఆకు మీద ఈనెలకీ ఈనెలకీ మధ్య బొబ్బలెక్కింది. కణుపులు దగ్గరపడి మొక్క గిడసబారింది, వచ్చిన పూత నిలవలేదు.

అడిగితే "మీ పొలంలో సోకింది" అన్నారు. పొలంలో సోకితే గట్ల పక్కనో, అక్కడక్కడా మొదలవుతుంది. నా చేలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేసారి కనపడింది. వేరే చోట నారు తెచ్చిన పక్క చేను బాగానే ఉంది. నర్సరీకి వెళ్లి అమ్మకానికి పెట్టిన ట్రేల్లో ఆకు తిప్పి చూశాను. అడుగున తెల్లదోమ పిల్లలు పసుపుపచ్చ పొలుసుల్లా అతుక్కుని ఉన్నాయి. ఆ దశలో అవి ఎగరలేవు, అంటే దోమ అక్కడే గుడ్లు పెట్టి పెరుగుతోందన్నమాట. పైన ఉన్నది ఉత్త షేడ్ నెట్. అది ఎండని ఆపుతుంది గానీ తెల్లదోమని ఆపదు. దానికి 40-50 మెష్ (అంగుళానికి అన్ని కన్నాలుండే) నైలాన్ వల, రెండు తలుపులు ఉండాలి.

దీని మీద ఇంకో మోసం కూడా ఉంది. ఆ నర్సరీ మనిషే ఒక సీసా చేతిలో పెట్టి "అన్ని వైరస్‌లకీ ఇదే మందు" అన్నాడు. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు లేదు. అసలు అన్ని వైరస్‌లూ ఒకటి కావు. మిరపలో బొబ్బర (ఆకుముడత) తెచ్చేది జెమినివిరిడే కుటుంబంలోని బెగోమోవైరస్, దీన్ని మోసేది తెల్లదోమ. మిరపకే వచ్చే కుకుంబర్ మొజాయిక్ వైరస్‌ది బ్రోమోవిరిడే కుటుంబం, దాన్ని పేనుబంక మోస్తుంది. మొవ్వుకుళ్లు వైరస్‌ది టోస్పోవిరిడే, దాన్ని తామర పురుగు పిల్ల దశలో ఎక్కించుకుని పెద్దయ్యాక అంటిస్తుంది. జెమినిది ఒంటి పోగు డీఎన్ఏ, మిగతా రెండూ ఆర్ఎన్ఏ వైరస్‌లు. పురుగు వేరు, అంటుకునే తీరు వేరు.

పేనుబంక మొజాయిక్‌ని నిమిషంలోపే అంటించగలదు. జెమిని అలా కాదు. తెల్లదోమ రోగపు మొక్క రసం ఓ పావుగంట పీల్చినా చాలు, వైరస్ దాని ఒంట్లో కొన్ని గంటలు తిరిగి లాలాజలంలోకి చేరుతుంది. ఆ తర్వాత రోజుల తరబడి వాలిన మొక్కకల్లా అంటిస్తూనే ఉంటుంది. మొక్కలోకి వెళ్లాక ఆ వైరస్ మొక్క కణ కేంద్రకంలో, మొక్క సరంజామాతోనే తన నకళ్లు తీసుకుంటుంది. అక్కడికి వెళ్లి దాన్ని చంపే మందు ఇప్పటివరకు లేదు. మనం కొట్టేవన్నీ దోమకే. ఆ సీసాకి ఇచ్చే ప్రతి రూపాయీ దండగ.

అంటుకున్న నారు కొన్నాళ్లు పచ్చగానే ఉంటుంది, మోసం దొరక్కపోవడానికి కారణం అదే. కాబట్టి పైపైన చూసి తీసుకోకండి. పది ట్రేల్లో ఆకులు తిప్పి చూడండి, ట్రేని చేత్తో కదిపి దోమ లేస్తుందేమో చూడండి. షెడ్డు పక్కన ముడుచుకున్న టమాటా, బొప్పాయి ఉంటే అక్కడ కొనకండి. తట్టుకునే రకాలు ఉన్నమాట నిజమే, కానీ తట్టుకోవడం అంటే అసలు రాకపోవడం కాదు. ఉద్యాన శాఖ లైసెన్సు అడగండి. రకం పేరు, లాట్ నంబరు రాసిన బిల్లు లేకుండా ట్రే బండి ఎక్కించకండి. "తెలిసినవాళ్లమే కదా, బిల్లెందుకు" అంటే తిరిగి వచ్చేయండి.

ఇప్పటికే నాటేసి, ముడత మొదలైనవాళ్లు రోగం ఉన్న మొక్కల్ని పీకి కాల్చేయండి. పీకేముందు దోమకి మందు కొట్టండి, లేకపోతే మొక్క కదలగానే లేచి పక్క సాలు మీద వాలుతుంది.