ఘానా పల్లెలో పదకొండు నెలలు: గెస్ట్ హౌస్ కంటే మట్టిల్లే నయం

అనంతపురం జిల్లాలో తొమ్మిదేళ్లు పొదుపు సంఘాల పనిలో ఉన్నాను. ఆ అనుభవంతోనే ఘానా ఉత్తర ప్రాంతానికి వాలంటీరుగా వెళ్లే అవకాశం వచ్చింది. తమాలే నగరానికి ఉత్తరంగా ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో సవెలుగు అనే చిన్న పట్నం ఉంది. నేనున్న పల్లె దానికి ఇంకాస్త లోపలికి. సవెలుగు అన్న పేరు మొదటిసారి వినగానే ఇక్కడి మా 'వెలుగు' పథకమే గుర్తొచ్చింది. అలా వెళ్లాలనుకునేవాళ్లు ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, జబ్బు చేస్తే ఎలా అని అడుగుతుంటారు. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

నేను హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా ఘానా రాజధాని అక్రా చేరాను. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ కార్డు అక్రాలో అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు మన దగ్గరా అడుగుతారు. అక్రా నుంచి తమాలే రోడ్డు మీద దాదాపు 600 కిలోమీటర్లు. నేను రాత్రి బస్సెక్కి తప్పు చేశాను. కింటాంపో దాటాక బస్సు ఆగిపోయింది, నాలుగు గంటలు రోడ్డు పక్కనే కూర్చున్నాం. విమానంలో అయితే గంట పైచిలుకు ప్రయాణం. అయినా మొదటిసారి పగటి బస్సులోనే వెళ్లమంటాను. కుమాసి దాకా పచ్చటి అడవి, కోకో తోటలు. ఆ పైన చెట్లు పలచబడి, గడ్డి భూములు మొదలవుతాయి. మీరు పనిచేయబోయే నేల ఎలాంటిదో అక్కడే అర్థమవుతుంది.

మొదటి రెండు వారాలు తమాలేలో ఒక గెస్ట్ హౌస్‌లో పెట్టారు. ఏసీ, జనరేటర్, దోమతెర అన్నీ ఉన్నాయి. కరెంటు పోవడం అక్కడ మామూలే, దానికి 'డుమ్సోర్' అని పేరు కూడా ఉంది. కానీ పల్లెకు వెళ్లే ట్రోట్రో వ్యాను నిండితే గాని కదలదు. నేను పదింటికి ఊరు చేరేసరికి ఆడవాళ్లంతా పొలాలకు వెళ్లిపోయేవారు. ఎవరూ లేని చెట్టు కింద రిజిస్టరు పట్టుకుని కూర్చుని ఏం చేయాలి? మూడో వారం పట్టుబట్టి ఊళ్లోకి మారాను.

అక్కడి డగోంబా వాళ్ల ఇల్లంటే ఒక వాకిలి చుట్టూ గుండ్రటి మట్టి గదులు, వాటిని కలుపుతూ గోడ. నాకు రెండు గదులు చూపించారు, ఒకటి రేకుల కప్పు, ఒకటి గడ్డి కప్పు. గడ్డి కప్పుదే తీసుకోండి. మార్చిలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు రేకుల గదిలో పగలు కూర్చోలేం. కష్టమైనది మరుగుదొడ్డి. చాలా ఇళ్లలో ఉండదు. మీరు చేరకముందే కట్టించమని పంపే సంస్థను గట్టిగా అడగండి, ముఖ్యంగా ఆడపిల్లలు. బోరింగు దగ్గర బిందెల వరుస చూస్తే మా ఊరే అనిపించేది.

ఊళ్లో ఏ పనైనా మొదలుపెట్టే ముందు కోలా గింజలు తీసుకుని పెద్ద దగ్గరికి వెళ్లాలి. పొద్దున 'దెసిబా' అంటే జవాబుగా 'నా' అనాలి. పెద్దవాళ్లు ఎదురైతే గొంతుక్కూర్చుని పలకరించాలి. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకూడదన్నది మనకు కొత్త కాదు. ఇంటి పెద్దావిడను పిల్లలంతా 'మ్మా' అనేవారు, 'నా తల్లి' అని దానర్థం. నాకు ఆ మాట నేర్చుకోవాల్సిన పనే లేకపోయింది.

తిండి దగ్గర నేను అనుకున్నంత ఇబ్బంది పడలేదు. పొద్దున్నే 'కోకో' అని అల్లం, లవంగం వేసిన సజ్జ జావ ఇస్తారు. నంజుకోవడానికి 'కోసే', అచ్చం మన అలసంద వడ. మధ్యాహ్నానికీ రాత్రికీ 'సగిమ్', మన సంగటి లాంటిదే, ఎక్కువగా మొక్కజొన్న పిండితో కెలుకుతారు. అందులోకి జిగురుగా ఉండే అయోయో ఆకు పులుసు. పులుసులో ఎండు చేపల పొడి దాదాపు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, శాకాహారులు మొదటి రోజే చెప్పాలి. చింతచెట్లు అక్కడే ఉన్నాయి, చింతపండు మోసుకెళ్లకండి. ఇంగువ మాత్రం తీసుకెళ్లండి.

వాళ్ల పొదుపు పద్ధతి చూశాక నా ఆలోచనే మారిపోయింది. పొదుపు డబ్బంతా ఒక ఇనుప పెట్టెలో, దానికి మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురు ఆడవాళ్ల దగ్గర. సభ్యులందరి ఎదుటే తీస్తారు. పాసు పుస్తకంలో అంకెలకు బదులు ముద్రలు. పోయిన వారం పెట్టెలో ఎంత ఉందో అందరూ గుర్తుపెట్టుకుని మళ్లీ గట్టిగా చెబుతారు. ఏడాది చివర అంతా పంచేసుకుంటారు. ఈ పద్ధతి 1991లో నైజర్ దేశంలో మొదలైంది. నేను మోసుకెళ్లిన లెక్కల పుస్తకాలు వాళ్లకు అక్కర్లేదు. అక్కరకొచ్చింది ఇంకొకటి. మే నుంచి ఆగస్టు దాకా తెల్లారకముందే వెళ్లి, గింజల నుంచి వెన్న తీసే షియా చెట్ల కాయలు ఏరుకొస్తారు, గింజలు ఉడకబెట్టి ఎండబెడతారు. చేతిలో డబ్బుల్లేక వెంటనే తక్కువ ధరకు అమ్మేస్తారు. పెట్టెలోంచి అప్పు తీసుకుని కొన్ని నెలలు గింజలు నిలవ ఉంచుకోవచ్చు కదా అని లెక్కవేసి చూపించాను. నేను ఇచ్చిన సలహాల్లో వాళ్లు ఒప్పుకున్నది అదే. షియా చెట్టు మన ఇప్ప చెట్టు కుటుంబానిదే, గింజ చేతిలో పట్టుకుంటే ఆ పోలిక తెలుస్తుంది.

అయిదో నెలలో మలేరియా వచ్చింది. అది రాకుండా వేసుకునే మాత్రలు రెండు వారాలు మానేశాను, అదే కారణం. నగరంలో ఒక ప్రైవేటు క్లినిక్కులో పరీక్ష చేయకుండానే సెలైన్ ఎక్కించి బిల్లు వేశారు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో నర్సు వేలి నుంచి చుక్క రక్తం తీసి కాసేపట్లోనే ఫలితం చెప్పింది, మూడు రోజుల మాత్రలిచ్చింది. జ్వరమొస్తే ముందు అక్కడికే వెళ్లండి. ఆ కేంద్రం దగ్గరే ఒక ముసలామె తన చీలమండ మీది మచ్చ చూపించింది. నారి కురుపు, తాగే నీళ్లతో ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చే జబ్బు. సవెలుగు ప్రాంతం దానితో చాలా బాధపడింది. బట్టతో నీళ్లు వడగట్టుకుని తాగడం ఇంటింటికీ నేర్పి దాన్ని పోగొట్టారు. 2015లో ఘానాకు ఆ జబ్బు నుంచి విముక్తి ప్రకటించారు, మనకు 2000లో. మా జేజికీ కాలి మీద సరిగ్గా అక్కడే మచ్చ ఉండేది. ఆ ముసలామె కాలు పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

సెలవులకు మోలే నేషనల్ పార్కు. తుపాకీ ఉన్న గార్డు వెంట నడిచి ఏనుగులను చూడొచ్చు. కొండ అంచు మీది పాత మోటెల్లో గదులు సాదాసీదావే, కానీ వరండాలోంచి నీటి మడుగుకొచ్చే ఏనుగులు కనిపిస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. అప్పుడు సహారా నుంచి హర్మటాన్ దుమ్ము గాలి వీచి పెదాలు పగులుతాయి, షియా వెన్న రాసుకుంటే సరి.

మొన్న సంఘం సెక్రటరీ వాట్సాప్‌లో మాట్లాడింది. నేనున్న గడ్డి కప్పు గదిలో ఇప్పుడు పద్నాలుగు బస్తాల షియా గింజలు ఉన్నాయట. ధర పెరిగేదాకా తలుపు తీసేది లేదని చెప్పింది.