హెచ్చరిక: ‘2 రూపాయలకే ట్రయల్’ అనే స్కానర్ యాప్‌లతో జాగ్రత్త

కాగితాన్ని ఫొటో తీసి పీడీఎఫ్ చేసే స్కానర్, క్యూఆర్ కోడ్ చదివేది, పంచాంగం, భూమి కొలిచేది, జమాఖర్చుల పుస్తకం... ఇలాంటి చిన్న చిన్న యాప్‌లు ఫోన్‌లో వేసుకునేవాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్లు కూడా మీరే చూసుకుంటుంటే ఇంకా శ్రద్ధగా చదవండి. యాప్ మిమ్మల్ని 2 రూపాయలో, 5 రూపాయలో కట్టమని అడిగితే, యూపీఐ పిన్ కొట్టకముందే ఆగండి. అక్కడ పోయేది ఆ రెండు రూపాయలు మాత్రమే కాదు.

మా బాపుది నర్సంపేట వైపు వ్యవసాయం. మిర్చి, పత్తి వేస్తాడు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో సరుకు అమ్మినప్పుడు ఇచ్చే తక్‌పట్టీల మీద సిరా కొన్నాళ్లకే వెలిసిపోతుంది. అడ్తిదారుతో, అంటే కమీషన్ వ్యాపారితో, లెక్క దగ్గర మాట తేడా వస్తే ఆ చీటీనే ఆధారం. అందుకని వాటినీ, పట్టాదారు పాసుపుస్తకాన్నీ ఫోన్‌లో దాచుకోవాలని ఒక స్కానర్ యాప్ వేసుకున్నాడు. ఏదో వీడియో చూస్తుంటే మధ్యలో ప్రకటనగా వచ్చిందట. మొదటి నాలుగైదు పేజీలు ఉచితంగా బాగానే చేసింది. ఆ తర్వాత స్క్రీన్ నిండా ఒక పేజీ వచ్చింది: ఎన్ని పేజీలైనా స్కాన్ చేసుకోండి, 3 రోజుల ట్రయల్, 2 రూపాయలు మాత్రమే. కింద బూడిద రంగు సన్నటి అక్షరాల్లో, అదీ ఇంగ్లిష్‌లో, ట్రయల్ అయ్యాక రద్దు చేసేదాకా వారానికి 149 రూపాయలు అని ఉంది. ఆ పేజీని మూసే ఇంటూ గుర్తు వెంటనే కనిపించదు, కాసేపు ఆగాక మూలన సన్నగా తేలుతుంది. నేను నా ఫోన్‌లో అదే యాప్ వేసి చూశాను, అచ్చం అలాగే వచ్చింది. పెద్ద బటన్ నొక్కితే నేరుగా యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. రెండు రూపాయలే కదా అని ఎవరైనా పిన్ కొట్టేస్తారు.

ఆ పిన్‌తో జరిగేది చెల్లింపు ఒక్కటే కాదు, ఆటోపే అనుమతి కూడా, అంటే ముందు ముందు మీ ఖాతాలోంచి డబ్బు దానంతటదే తీసుకునే అనుమతి. అందులో గరిష్ఠ మొత్తం ఎంత, ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ దాకా అనే మూడూ ఉంటాయి. బాపు ఫోన్‌లోని అనుమతిలో ముగింపు తేదీ ముప్పై ఏళ్ల అవతల ఉంది. ఒకసారి అనుమతి ఇచ్చాక, 15,000 రూపాయల లోపు కోతకు ప్రతిసారీ పిన్ అడగరు. డబ్బు తీసేముందు కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ మెసేజ్‌లు వచ్చాయి కూడా. ఇంగ్లిష్‌లో వచ్చాయి, లోన్ ఇస్తామనే మెసేజ్‌ల మధ్య పడి ఉన్నాయి, అంతే తేడా.

రైతు భరోసా పడిందో లేదో చూద్దామని బ్యాంకుకు వెళ్లి పాసుబుక్కు ప్రింట్ వేయించుకుంటే, వరుసగా 149, 149, 149 అని కనిపించింది. “గీ పైసలు ఎవ్వలకు పోతున్నయి బిడ్డా, నేనెవ్వలకూ పంపలే” అని హన్మకొండలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. బ్యాంకు వాళ్లు మాత్రం అనుమతి మీరే ఇచ్చారు, మేమేం చేయలేమన్నారు. ఆ మాట సగమే నిజం, దాని గురించి కింద చెప్తాను.

మా తమ్ముడు ఆ యాప్‌ను వెంటనే డిలీట్ చేశాడు. అయినా తర్వాతి వారం మళ్లీ కోత పడింది. ఇది చాలామందికి తెలియని సంగతి: యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. సరే అని ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి చూశాం. అక్కడ ఏమీ లేదు, ఖాళీ. ఎందుకంటే ఈ యాప్ డబ్బును గూగుల్ ద్వారా తీసుకోవడం లేదు, నేరుగా యూపీఐ ద్వారా లాగుతోంది. ప్లే బిల్లింగ్, అంటే గూగుల్ సొంత చెల్లింపు పద్ధతి, తప్పనిసరి అనే షరతు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత మన దేశంలో యాప్‌లు వేరే చెల్లింపు దారిని కూడా చూపించే వీలు వచ్చింది. మంచి యాప్‌లకు అది మేలే. ఇలాంటివాటికి మాత్రం గూగుల్ రిఫండ్ పేజీని తప్పించుకునే సందు దొరికింది.

కాబట్టి వెతకాల్సింది రెండు చోట్ల. ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్ల జాబితా ఒకటి. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం లాంటి మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే విభాగం రెండోది. మీ దగ్గర రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే, ఏ యాప్‌లో అనుమతి ఇచ్చారో ముందు అందులో చూడండి. ఆ జాబితాలో డబ్బు లాగుతున్న యాప్ పేరు ఉండకపోవచ్చు, ఎప్పుడూ వినని ఏదో కంపెనీ పేరుంటుంది. తేదీ, మొత్తం చూసి గుర్తుపట్టాలి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. బ్యాంకు మాట సగమే నిజమన్నది ఇందుకే: ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు ఖాతాదారుడికి ఉంది, ఆ దారి చూపించడం వాళ్లకు పెద్ద పనేం కాదు.

ఇక ధర సంగతి. వారానికి 149 అంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి 52 వారాలు, 7,748 రూపాయలు. బాపు స్కాన్ చేసిన కాగితాలన్నీ కలిపినా కలెక్టరేట్ దగ్గర జిరాక్స్ షాపులో వంద, రెండొందలకు మించి కావు. పైగా ఈ పని చేసే సరుకు ఫోన్‌లోనే ఉచితంగా ఉంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ తెరిచి స్కాన్ నొక్కితే అంచులు కత్తిరించి పీడీఎఫ్ చేసిపెడుతుంది. ఐఫోన్‌లో 2017 నుంచీ నోట్స్ యాప్‌లోనే స్కానర్ ఉంది. బాపుకు ఇప్పుడు డ్రైవ్ గుర్తునే మొదటి స్క్రీన్ మీద పెట్టిచ్చాం, తక్‌పట్టీలు అందులోకే పోతున్నాయి. ఫోన్ పోయినా చీటీలు పోవు, అదింకో లాభం.

ఇది ఒక్క యాప్ కథ అనుకోకండి. సోఫోస్ అనే సైబర్ భద్రతా సంస్థ 2019లోనే ఇలాంటివాటి మీద హెచ్చరించింది. క్యూఆర్ కోడ్ రీడర్, జిఫ్ అనే కదిలే బొమ్మలు చేసే యాప్ లాంటి మామూలు సరుకుకు, ట్రయల్ దాటగానే వంద యూరోలు, రెండు వందల యూరోలు లాగిన ఉదాహరణలు బయటపెట్టింది. వైరస్ ఉండదు, దొంగతనంగా ఏమీ చేయదు, షరతు ఎక్కడో రాసే ఉంటుంది. అందుకే స్టోర్ తనిఖీల్లో కూడా ఇవి నెట్టుకొస్తాయి.

సబ్‌స్క్రిప్షన్ అంటేనే మోసమా అంటే, కాదు. యాప్‌లు తయారుచేసే మిత్రుడొకడు కాజీపేటలో ఉన్నాడు. వాడితో దీని మీద గంటసేపు వాదన అయింది. వాడి గోడు వాడిది: ఏటా కొత్త ఆండ్రాయిడ్ వస్తుంది, దానికి తగ్గట్టు యాప్ మార్చకపోతే స్టోర్‌లో కొత్త ఫోన్లవాళ్లకు కనపడదు. వచ్చిన డబ్బులో 15 శాతం నుంచి మొదలుపెట్టి స్టోర్ వాటా పోతుంది. ఎప్పుడో 200 రూపాయలు కట్టినవాళ్లు జీవితాంతం మరమ్మతు చేయమంటే ఎలా అంటాడు. న్యాయమే. మీ ఫైళ్లు దాచే సర్వర్, రోజూ మారే వాతావరణం, మార్కెట్ ధరలు తెచ్చిచ్చే యాప్ నెలకింత అడిగితే నాకు అభ్యంతరం లేదు, ఖర్చు నెల నెలా వస్తుంది కదా. కానీ స్కానర్ పనంతా నా ఫోన్‌లోని కెమెరాతో, నా ఫోన్‌లోని ప్రాసెసర్‌తో జరుగుతుంది. కొడవలి కొన్నవాడు కోసిన ప్రతి మోపుకూ కమ్మరికి వాటా ఇవ్వడు. ఆ మిత్రుడు కూడా చివరికి ఒప్పుకున్నది ఒకటుంది: నెలకో, ఏడాదికో కాకుండా వారానికి లెక్కగట్టే చిన్న యాప్ కనిపిస్తే అది మరిచిపోయేవాళ్ల మీద బతుకుతోందని.

ఒకప్పుడు ఈ బాధ ఇంతగా లేదు. యాపిల్ స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ అంటే వార్తలు, వీడియోలు, ఆన్‌లైన్ స్టోరేజీ లాంటివాటికే ఉండేది. 2016లో అన్ని రకాల యాప్‌లకూ తెరిచారు. అప్పటినుంచి క్యాలిక్యులేటర్ కూడా చందా అడిగే కాలం వచ్చింది.

అలాగని ‘లైఫ్‌టైమ్’ అని రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనకండి. మా వదిన ఇంట్లోనే చీరల వ్యాపారం చేస్తుంది. ఉద్దెర లెక్కల కోసం ఒక ఖాతా యాప్‌ను ఒక్కసారి డబ్బు కట్టి కొన్నది. రెండేళ్లు బాగా నడిచింది. ఒక అప్‌డేట్ తర్వాత బ్యాకప్, పీడీఎఫ్ రెండూ కొత్త ప్లాన్ కిందికి వెళ్లిపోయాయి, నెలకు కడితేనే అన్నారు. కొన్నప్పుడు లైఫ్‌టైమ్ అన్నారు కదా అని అడిగితే, అది పాత వెర్షన్‌కట. ఖాతాదారుల బాకీలన్నీ లోపల ఇరుక్కుపోయాయి. ఒక్కొక్క పేజీ స్క్రీన్‌షాట్ తీసి నోటుబుక్కులో ఎక్కించుకుంది పాపం, పండుగ సీజన్లో.

అందుకని ఒకేసారి కొనే యాప్ అయినా ముందు ఉచిత భాగంలోనే రెండు చూడండి. నెట్ ఆపేసి తెరిస్తే పని చేస్తోందా? మన లెక్కలు ఎక్సెల్‌గానో పీడీఎఫ్‌గానో బయటికి వస్తున్నాయా? రెండూ అవునంటే, రేపు కంపెనీ మాట మార్చినా మీ సరుకు మీ చేతిలో ఉంటుంది. ప్లే స్టోర్‌లో యాప్ వివరాల పేజీలో లోపలి కొనుగోళ్ల ధర ఎంత నుంచి ఎంత దాకా అని ఉంటుంది, అక్కడ పై అంకె వేలల్లో కనిపిస్తే, ఇంత చిన్న పనికి అంత ఎందుకని అడగాలి. యాపిల్ స్టోర్‌లో ఒక్కో ప్లాన్ పేరు, ధర విడివిడిగా ఇస్తారు. ఇంకో చిన్న లాభం: ప్లే స్టోర్‌లో ధర కట్టి కొన్న యాప్‌ను ఫ్యామిలీ లైబ్రరీలో పెడితే ఇంట్లో ఇంకో ఐదుగురు వాడుకోవచ్చు. యాప్ లోపల కొన్న ‘ప్రో’కు మాత్రం ఆ సౌకర్యం లేదు.

డబ్బు తిరిగి రావడం గురించి. గూగుల్ ద్వారా కట్టినదైతే 48 గంటల్లోపు ప్లే స్టోర్‌లోనే రిఫండ్ అడగవచ్చు, దాటితే తయారుచేసినవాళ్లనే అడగాలి. మాది గూగుల్ ద్వారా కాదు కనుక యాప్ వాళ్లకు మెయిల్ రాశాం. నిబంధనలకు మీరు ఒప్పుకున్నారనే ఒకే వాక్యం తిప్పి తిప్పి పంపారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాక చివరి కోత ఒక్కటి వెనక్కి ఇచ్చారు, మిగతావి ఇవ్వలేదు. ఫిర్యాదులో తప్పక రాయాల్సింది ఒకటుంది. డార్క్ ప్యాటర్న్స్, అంటే వాడేవాళ్లను తప్పుదారి పట్టించేలా యాప్‌లను తయారుచేసే పద్ధతుల మీద కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చెప్పిన 13 రకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. రద్దు చేసే దారి దాచడం, ఉచిత చందా కోసం ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడం దాని కిందికి వస్తాయి. మీ ఫిర్యాదులో ఆ పేరు రాసి, ట్రయల్ అడిగిన పేజీ స్క్రీన్‌షాట్, ఆటోపే వివరాల స్క్రీన్‌షాట్ జతచేయండి. అనుమతి రద్దు చేయకముందే ఆ వివరాలు తీసిపెట్టుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు.

రద్దు చేసేటప్పుడు రెండు సంగతులు గమనించండి. ఆటోపేలో పాజ్, క్యాన్సిల్ అని రెండు కనిపిస్తాయి. పాజ్ చేస్తే కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది, క్యాన్సిలే నొక్కాలి. రెండోది, ఆ యాప్ కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. మా తమ్ముడికి అలా దొరికిన నంబరుకు ఫోన్ చేస్తే, రిఫండ్ కోసం స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేసుకోమన్నారు. వాడు అక్కడితో ఫోన్ పెట్టేశాడు. డబ్బు వెనక్కి రావడానికి పిన్ అక్కర్లేదు, స్క్రీన్ చూపించనక్కర్లేదు. ఎవరైనా అప్పటికే చూపించి ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.