బరంపురం రాత్రి ఆశ్రయం: మనిషికి చోటుంది, కుక్కకు లేదు

బరంపురంలో నిలువ నీడ లేనివారి కోసం నడుస్తున్న ఒక రాత్రి ఆశ్రయం గురించి రాస్తున్నాను. ముందుగా చెప్పవలసినది, అది శుభ్రంగా ఉంది. ఉతికిన దుప్పటి, తాగే నీళ్లు, తాళం వేసుకునే పెట్టె, ఆడవారికి వేరే గది ఉన్నాయి; డబ్బు అడగరు, ఆధార్ కార్డు లేదని ఎవరినీ తిప్పి పంపరు. కేర్‌టేకర్ ఒడియాతో పాటు తెలుగు కూడా చక్కగా మాట్లాడతారు. ఒక ముసలావిడ చిరిగిన మూటను ఆయన విసుక్కోకుండా రెండు చేతులతో అందుకుని పెట్టెలో సర్దడం చూశాను, ఆ మర్యాద అన్ని చోట్లా దొరికేది కాదు. నియమాల బోర్డు మాత్రం ఒడియాలోనే ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు ఎందరో ఉన్న ఊరిలో తెలుగు బోర్డు కూడా ఉండాలి.

అసలు లోపం గేటు దగ్గర ఉంది. నేను వెంటబెట్టుకుని వెళ్లిన పెద్దాయనకు ఒక నల్ల కుక్క తోడు. కుక్కకు లోపలికి అనుమతి లేదని, బయట వదిలి రమ్మని కేర్‌టేకర్ నెమ్మదిగానే చెప్పారు. “దీన్ని ఒగ్గేసి నానెక్కడికెల్తాను బాబూ?” అని ఆయన వెనక్కి తిరిగి, మూసిన దుకాణం అరుగు మీదికే వెళ్లిపోయారు. ఖాళీ మంచం లోపల ఖాళీగానే మిగిలింది.

దీనిని మొండితనం అనుకోవడం అన్యాయం. వీధిలో పడుకునే మనిషికి రాత్రి మూట పోతుందన్న భయం, తాగినవారు వచ్చి తన్నుతారన్న భయం ఎప్పుడూ ఉంటాయి, ఒంటరి ఆడవారికైతే అంతకు మించినవి కూడా. అడుగుల చప్పుడుకు ముందుగా లేచేది, పక్కనున్నవారిని లేపేది ఆ కుక్కే. దొరికిన అన్నంలో సగం దానికి పెట్టి తినేవారిని ఈ ఊరిలోనే చూస్తున్నాను. దానిని వదిలి రమ్మనడం ఇంట్లో మనిషిని వదిలి రమ్మనడమే, ఆ షరతు మీద ఇచ్చే మంచం వారికి ఇవ్వనట్టే.

నిర్వాహకుల భయానికీ కారణం ఉంది. ర్యాబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. పదిమంది పక్కపక్కనే పడుకునే హాలులోకి టీకా లేని కుక్కను రానివ్వమని నేనూ అడగను. కానీ కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా వేయించి, తరువాత ఏటేటా వేయిస్తూ ఉంటే ఆ భయం చాలా వరకు తీరుతుంది. సంతాన నియంత్రణ, టీకాలు పూర్తయిన వీధి కుక్కలను పట్టుకున్న చోటనే తిరిగి వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. ఆ పని సాగేటప్పుడు ఆశ్రయం పరిసరాలలోని తోడు కుక్కలను ముందుగా చేర్చుకుని, టీకా చీటీ ఉన్న కుక్కకు వెనుక వరండాలో గొలుసు, నీళ్ల తొట్టి ఏర్పాటు చేస్తే సరిపోతుంది. ఈ భవనానికి ఆ వరండా ఉంది, ప్రస్తుతం విరిగిన కుర్చీలతో నిండి ఉంది. బ్రిటన్‌లో 2016లో మొదలైన స్ట్రీట్‌వెట్ సంస్థ ఇళ్లు లేనివారి కుక్కలకు వీధిలోనే ఉచితంగా వైద్యం చేయడమే కాక, కుక్కలతో సహా చేర్చుకునేలా హాస్టళ్లకు సాయపడుతోంది. మన దగ్గర అంత ఏర్పాటు లేకపోయినా, వరండా ఖాళీ చేయడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు.

లక్ష జనాభాకు వందమందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు నిర్దేశించాయి. 2011 జనగణన నాటికే మూడున్నర లక్షలు దాటిన ఊరిలో మంచాల కొరత గురించి మాట్లాడుతూనే, ఉన్న మంచం ఒక నియమం వల్ల ఖాళీగా ఉండడాన్ని ఎలా ఒప్పుకోగలం? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఈ ఊరికి సమీపంలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి మళ్లీ వచ్చిన రాత్రి గేటు దగ్గర ఈ వాదన పెట్టుకునే సమయం ఎవరికీ ఉండదు.

ఒంటరిగా ఉన్నవారికి ఈ ఆశ్రయాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. తోడు కుక్క ఉన్నవారిని పంపదలచినవారు ముందుగా దానికి పశువైద్యశాలలో టీకా వేయించి, చీటీ చేతిలో ఉంచుకుని, చీకటి పడకముందే కేర్‌టేకర్‌తో మాట్లాడండి. వరండా విషయం పైవారికి రాతపూర్వకంగా తెలియజేస్తే తనకు అభ్యంతరం లేదని ఆయన నాతో అన్నారు, నేను ఆ అర్జీ ఇచ్చాను.