డ్రెస్డెన్ నోయ్‌ష్టాట్‌లో నాలుగు రాత్రులు: ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ పడుకోవాలి

మా చెల్లి జర్మనీలో, డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. సెప్టెంబరులో దాన్ని చూడ్డానికి వెళ్ళి నాలుగు రాత్రులున్నాను. బెర్లిన్ నుంచి రైల్లో రెండు గంటలే కదా అని చాలామంది పొద్దున వచ్చి, నది ఒడ్డున రాజుల కట్టడాలు చూసుకుని, సాయంత్రానికల్లా వెనక్కి వెళ్ళిపోతారు. ఎల్బె నది దాటి అవతల నోయ్‌ష్టాట్‌లో ఒక్క రాత్రి కూడా ఉండకపోతే సగం ఊరే చూసినట్టు.

పేరుకు అర్థం ‘కొత్త ఊరు’, కానీ పాత ఇళ్ళు ఎక్కువగా మిగిలింది ఇక్కడే. 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో నదికి ఆ పక్కన నగరం నడిబొడ్డు కాలిపోయింది, ఈ పేట చాలావరకు బతికింది. తూర్పు జర్మనీ రోజుల్లో బాగుచేసేవాళ్ళు లేక ఇళ్ళు పాడుబడితే, అలాంటి ఇళ్ళలోకి విద్యార్థులు, కళాకారులు చేరారు. 1990 జూన్‌లో, రెండు జర్మనీల కరెన్సీ ఒకటి కావడానికి కొద్ది రోజుల ముందు, ఇక్కడివాళ్ళు తమ పేటను ‘బుంటె రెపుబ్లిక్ నోయ్‌ష్టాట్’ అని ప్రకటించేసుకున్నారు, అంటే రంగురంగుల గణతంత్రం, జెండా మీద మిక్కీ మౌస్ బొమ్మతో సహా. ఆ పేరుతో ఇప్పటికీ జూన్‌లో వీధి పండుగ జరుగుతుంది.

మొదటి రాత్రి చెల్లి నన్ను ఏ బారుకీ తీసుకెళ్ళలేదు. “అక్కా, ముందు మూల దగ్గర కూర్చుందాం” అంది. లూయిజెన్ వీధి, రోథెన్‌బుర్గర్ వీధి, గోర్లిట్జర్ వీధి కలిసే చోటును ‘షీఫె ఎక్కె’ అంటారు, వంకర మూల అని. అక్కడ కుర్చీలూ లేవు, బల్లలూ లేవు. ‘ష్పేటి’ అనే రాత్రి కొట్లో సీసా కొనుక్కుని ఫుట్‌పాత్ అంచున వరసగా కూర్చుంటారు, పక్కనే 13 నంబరు ట్రామ్ గంట కొట్టుకుంటూ నెమ్మదిగా పోతుంది, కాళ్ళు చాపుకున్నవాళ్ళు వెనక్కి లాక్కుంటారు. మన దగ్గర వైన్ షాపు పక్కన పర్మిట్ రూమంటే ఆడవాళ్ళు అటు చూడకుండా నడిచిపోయే చోటు. ఇక్కడ మేమిద్దరం ఆడపిల్లలం రాత్రి పదకొండున్నర దాకా రోడ్డు అంచున కూర్చున్నాం, ఒక్కరు కూడా అదోలా చూడలేదు. నేను తాగింది ఆపిల్ రసంలో సోడా కలిపిన షోర్లె. బీరు తాగట్లేదేమని ఎవరూ అడగలేదు. నాలుగు రాత్రుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ ఫుట్‌పాతే.

ఖాళీ సీసాలు చెత్తబుట్టలో పడేయకండి. మామూలు బీరు సీసాకు 8 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, ఏరుకుని ఆ డబ్బులు తీసుకునేవాళ్ళున్నారు. వాళ్ళు బుట్టలో చెయ్యి పెట్టక్కర్లేకుండా సీసాను బుట్ట పక్కన నిలబెట్టి వెళ్ళడం అక్కడి పద్ధతి, చెల్లి చెప్పేదాకా నాకు తెలీదు.

ఇక బార్లు. గోర్లిట్జర్ వీధిలో బ్లూ నోట్ అనే చిన్న జాజ్ బార్ ఉంది, నాకు జాజ్ పెద్దగా తెలీకపోయినా అంత దగ్గర కూర్చుని వింటుంటే వాయించేవాళ్ళ ఊపిరి కూడా వినిపించింది. మళ్ళీ వెళ్తే ముందు అక్కడికే వెళ్తాను. అలౌన్ వీధి మూల మీద కేటీస్ గరాజ్ కుర్రకారు చోటు, బయట తోటలో కబుర్లకు బాగుంటుంది. ఇంకో చిన్న బార్లో, పేరెందుకులెండి, లోపలే సిగరెట్లు కాలుస్తున్నారు. డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలో చిన్న బార్లకు ఆ వెసులుబాటు ఉంది. నా దుపట్టా వాసన రెండు ఉతుకులకు గానీ పోలేదు, ఉబ్బసం ఉన్నవాళ్ళు తలుపు దగ్గరే కనుక్కుని వెళ్ళండి. అదే చోట కార్డు తీసుకోం, నగదే ఇవ్వాలన్నారు, చేతిలో చాలినంత నగదు లేక చెల్లి ఏటీఎం వెతుక్కుంటూ పరుగెత్తింది, అది తిరిగొచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్. ఒక్కొక్కరి దగ్గర ముప్పై నలభై యూరోలు నోట్లుగా ఉంచుకోండి. బిల్లిచ్చేటప్పుడు టిప్పు బల్ల మీద వదిలేయడం కాదు, 9 యూరో చిల్లర అయితే “పది” అని చెప్పి ఇస్తారు.

శాకాహారులకు ఇబ్బంది లేదు. అర్ధరాత్రి కూడా ఫలాఫెల్ రోల్స్, అంటే శనగల వడలు చుట్టిన రొట్టెలు, వేడిగా దొరికాయి, మిరపపొడి ఎక్కువ వేయమంటే వేస్తారు.

బస సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. మొదటి రెండు రాత్రులు బార్ల వీధిలోనే ఒక హాస్టల్ తీసుకున్నాను, అన్నీ నడిచే దూరం అని. గది రోడ్డు వైపు. శుక్రవారం రాత్రి మూడు దాటినా కింద పాటలూ అరుపులూ ఆగలేదు, కిటికీ మూస్తే ఉక్క. వెనక గది అడిగితే ఖాళీ లేదన్నారు, తువ్వాలుకు వేరే డబ్బు తీసుకున్నారు. మూడో రాత్రికి ఆల్బర్ట్ ప్లాట్స్ కూడలికి ఇవతల, నది వైపు ఒక గెస్ట్‌హౌస్‌కు మారాను. పది నిమిషాల నడక, కానీ హాయిగా నిద్రపట్టింది. డబ్బు కాస్త ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను. నాకు రెండు రాత్రులే నిద్ర లేదు, ఆ వీధుల్లో మేడల మీద కాపురాలున్నవాళ్ళకు ఎండాకాలమంతా అదే పరిస్థితి. పది దాటాక కిటికీల కింద గొంతు తగ్గించి మాట్లాడటం మనకు పెద్ద కష్టం కాదు.

పగలు చూడాల్సినవి రెండు. కున్‌స్ట్‌హోఫ్ పసాజ్ పెరళ్ళలో నీలిగోడ మీద వంకర టింకర గొట్టాలు, గరాటులు ఉన్నాయి, వాన పడితే పాడుతుందంటారు. మేమున్నప్పుడు వాన పడింది. పాట అనుకుని వెళ్ళకండి, మన పెంకుటింటి చూరు నీళ్ళ చప్పుడు గుర్తొచ్చింది, నాకు అదే నచ్చింది. రెండోది బౌట్జ్‌నర్ వీధిలో ఫుండ్స్ పాల దుకాణం, 1998లో ప్రపంచంలోనే అందమైన పాల దుకాణంగా గిన్నిస్‌కెక్కింది, గోడలూ కప్పూ అన్నీ చేత్తో రంగులు వేసిన టైల్సే. లోపల ఫొటోలు తీయనివ్వరు.

చివరి రాత్రి చెల్లి గదిలోనే పడుకున్నాను, అది నదికి ఆ పక్క. అర్ధరాత్రి దాటాక తిరిగే ట్రాములన్నీ పోస్ట్ ప్లాట్స్ దగ్గర ఒకేసారి చేరి, ఒకదాంట్లోంచి దిగినవాళ్ళు ఇంకోదాంట్లో ఎక్కేదాకా ఆగుతాయి. నేను పరుగెత్తబోతే చెల్లి నా చెయ్యి పట్టుకుని ఆపింది, “అవి మనకోసమే ఆగాయక్కా” అని.