ఐస్ పెట్టె రెండేళ్ల వాడకం తర్వాత: గోడలు గట్టివే, మూత డొల్ల

కొట్లో ఐస్ పెట్టె చూసేటప్పుడు ముందు పక్క గోడ మీద వేలి కణుపుతో కొట్టండి, వెంటనే మూత మీద కొట్టండి. గోడ మొద్దుగా ‘దబ్’మని, మూత ఖాళీ డబ్బాలా మోగితే ఆ మూతలో ఏమీ లేదన్నమాట. రెండు ప్లాస్టిక్ పలకలు, మధ్యలో ఉత్త గాలి. మా 26 లీటర్ల పెట్టె సరిగ్గా ఈ బాపతే. కొన్నది రూ.2,400కి. డబ్బా మీద ‘పీయూ ఫోమ్’ (వేడిని ఆపే పాలీయురేథేన్ నురుగు) అని పెద్దక్షరాల్లో ఉంది. అది అబద్ధం కాదు, నాలుగు గోడల్లోనూ అడుగునా ఫోమ్ ఉంది. మూతలో లేదన్న సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఈ సమీక్షలో సగం ఆ మూత గురించే, ఎందుకంటే మొదటి వేసవంతా ఐస్‌ను మింగేసింది అదే.

గాలి కూడా వేడిని ఆపుతుంది కదా అంటారు. కదలని గాలి ఆపుతుంది, నిజమే. కానీ కాగిన పై పలక తన వేడిని కింది పలక మీదికి కక్కుతూనే ఉంటుంది. పొయ్యికి రెండడుగుల దూరంలో కూర్చున్నా మొహానికి సెగ తగలడం లేదా, అలాగే. మధ్యలో గాలి ఉన్నంత మాత్రాన ఆ సెగ ఆగదు, ఫోమ్ లాంటి అడ్డం ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో కడపలో 42, 43 డిగ్రీలు మామూలే. నీడలో ఉంచిన పెట్టె మూత కూడా చేతికి వెచ్చగా తగులుతుంది, ఎండలో కాసేపు ఉంటే చెయ్యి ఆన్చలేం. పెట్టెలో ఎండ నేరుగా పడేదీ, పదిసార్లు తెరిచేదీ మూతే. డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే కంపెనీ ఇంకెక్కడైనా మిగుల్చుకోవాల్సింది.

ఆ డొల్ల మూతలో నేనే ఫోమ్ నింపాను. నింపక ముందు, నింపాక ఎంత తేడా వచ్చిందో చెప్తాను. చోటు గండికోట, నెల ఏప్రిల్, పెట్టె పగలంతా చెట్టు నీడలో. 6 కిలోల ఐస్, ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో చల్లబెట్టిన 8 కిలోల సామాను. పొద్దున 6కి మూత వేస్తే మొదటి వేసవిలో అర్ధరాత్రి దాటాక 2 గంటలకు ఆఖరి ముక్క కరిగిపోయింది, అంటే 20 గంటలు. మూత నింపాక, తర్వాతి ఏప్రిల్‌లో, మర్నాడు పొద్దున 10 దాకా ఆగింది: 28 గంటలు. అంచు రబ్బరు సరిచేసి, మీద తడి గోనె పట్టా కప్పినప్పుడు సాయంత్రం 4 దాకా: 34 గంటలు. ఏ రెండు రోజుల ఎండా ఒకేలా ఉండదు కాబట్టి గంటా రెండు గంటలు అటూ ఇటూ వేసుకోండి. కంపెనీ చెప్పే 72 గంటలు పెట్టె నిండా ఐస్ వేసి, చల్లటి గదిలో, మూత ముట్టకుండా ఉంచితే వస్తాయేమో. గండికోట బండల మీద రావు.

ఎనిమిది గంటలు చిన్న సంగతి కాదు. రెండో రోజు పొద్దున టీకి పాలు విరగవు, ఎండెక్కేదాకా పెరుగు పులవదు. కోడిమాంసం విషయంలో మాత్రం ఈ లెక్కను నమ్ముకోవద్దు. అది 5 డిగ్రీల లోపే ఉండాలి. ఐస్ అయిపోయాక నీళ్లు చేతికి చల్లగా అనిపించినా అప్పటికే దాటిపోయి ఉండొచ్చు. మాంసం మొదటి రాత్రే వండేయడం మేలు.

ఇక మూత నింపే పని. తలుపు చట్రాల సందుల్లో వడ్రంగులు కొట్టే పీయూ ఫోమ్ స్ప్రే డబ్బా ఒకటి చాలు, హార్డ్‌వేర్ కొట్లో నాలుగైదు వందలకు వస్తుంది. 8 మి.మీ. డ్రిల్ బిట్టు, చేతి తొడుగులు, మూతంత చెక్క పలకలు రెండు, అరడజను ఇటుకలు, చివర్లో రంధ్రాలు పూడ్చడానికి సిలికాన్ కావాలి. మా మూత 42 × 28 సెం.మీ., లోపలి ఖాళీ 25 మి.మీ. మొత్తం మూడు లీటర్ల చోటు కూడా లేదు. డబ్బా నుంచి వచ్చే ఫోమ్ దానికి ఎన్నో రెట్లు. చాలదేమోనన్న బెంగ అక్కర్లేదు, ఎక్కువ పోకుండా చూసుకోవాలి.

మొదటిసారి పని చెడింది అక్కడే. మూత లోపలి వైపు రెండే రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లో గొట్టం దూర్చి, రెండోదాంట్లోంచి ఫోమ్ బయటికి వచ్చేదాకా ఒకే ఊపున కొట్టేశాను. గంట తిరిగేసరికి మూత పూరీలా పొంగింది. స్కేలు ఆనించి చూస్తే నడుమ 6 మి.మీ. ఎత్తు. నడుము లేచిందంటే మూలలు కూడా లేస్తాయి, క్లిప్పు పడుతుంది గానీ వెనక మూల కరవదు. రెండు రోజులయ్యాక ఇనుప సువ్వ దూర్చి చూస్తే లోపల ఇంకా జిగురే. ఈ ఫోమ్ మామూలు జిగురులా ఆరదు, తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. మూసి ఉన్న మూతలోకి గాలి పోయేదే తక్కువ, పోయినా మన వేసవి గాలిలో తడి ఎక్కడిది? రంధ్రం దగ్గర పైపొర బిగుసుకుపోతుంది, లోపలిది పచ్చిగానే ఉండిపోయి రోజుల తరబడి మెల్లగా ఉబ్బుతూ ఉంటుంది. ఆ మూత పనికిరాకుండా పోయింది. విడి మూత రూ.350కి దొరికింది కాబట్టి సరిపోయింది. మీ పెట్టెకు విడి మూత దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి, తర్వాతే డ్రిల్ పట్టండి.

రెండోసారి కుదిరిన పద్ధతి ఇది. మూతను బోర్లా వేసి కింద ఒక పలక, పైన ఒక పలక పెట్టాలి. మధ్యలో పాలిథిన్ కాగితం వేయకపోతే పలక అతుక్కుపోతుంది. పై పలకనూ మూత లోపలి పొరనూ కలిపి ఒకేసారి ఆరు రంధ్రాలు కొట్టాలి, మూడేసి చొప్పున రెండు వరుసలు. అప్పుడు పలక తీసి పెట్టినా రంధ్రాలు ఒకదానికొకటి సరిపోతాయి. డ్రిల్ బిట్టుకు 10 మి.మీ. దగ్గర టేపు చుట్టుకుంటే మూత బయటి పొర దాకా దిగదు. చెక్క మందం దానికి కలుపుకోవాలి. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు చిలకరించే స్ప్రే సీసాతో ఒక్కో రంధ్రంలోకి రెండు పిచికారీలు కొట్టి, ఇటుకలు మూతకు నాలుగు మూలలా పేర్చి, అప్పుడు ఫోమ్ మొదలుపెట్టాలి. ఒక్కో రంధ్రానికి రెండు సెకన్లే. అప్పటికి మూడో వంతు నిండితే చాలు. మూడు గంటలాగి మళ్లీ నీళ్లు, మళ్లీ రెండు సెకన్లు. అలా మూడు విడతలు, ఒకే రోజులో. మర్నాటికి ఆగితే గొట్టంలో ఫోమ్ గట్టిపడి డబ్బా మూలకు పడుతుంది. విడతకూ విడతకూ మధ్య గొట్టంలో సన్నటి తీగ దూర్చి ఉంచితే దారి పూడదు.

మర్నాడు పైకి పొడుచుకొచ్చింది బ్లేడుతో కోసి, రంధ్రంలో మరో రెండు మూడు మిల్లీమీటర్లు తొలిచి సిలికాన్‌తో మూసేయాలి. ఫోమ్ తిండికి తగలకూడదు. వాసన పోవడానికి రెండు రోజులు బయట ఆరబెట్టాలి. పచ్చి ఫోమ్ చర్మానికి అంటితే ఒక పట్టాన వదలదు, దాని ఆవిరి పీల్చడం మంచిది కాదు, అందుకే ఇది మిద్దె మీద చేసే పని. గదిలో వద్దు, పిల్లలను దగ్గరికి రానీయొద్దు. అంతా అయ్యాక తూకం వేస్తే మూత బరువు పెరిగింది 80 గ్రాములే. వేలితో కొడితే ఇప్పుడు మూత కూడా గోడలాగే ‘దబ్’మంటోంది.

మూత నిండినంత మాత్రాన అంచు బిగిసినట్టు కాదు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట పెట్టి మూత వేసి లాగి చూడండి. చుట్టూ ఎనిమిది చోట్ల. నోటు బిగుసుకుంటే సరే, సులువుగా జారి వచ్చిందంటే అక్కడ సందు ఉన్నట్టే. మా పెట్టెకు ముందు వైపంతా బాగుంది, వెనక కీళ్ల దగ్గర రెండు చోట్లా నోటు జారింది. కిటికీలకు అంటించే స్పాంజి టేపు వేస్తే నాలుగు నెలలు పనిచేసి, తడి పీల్చి, నల్లగా బూజు పట్టింది. దాన్ని పీకేసి ఆటో స్పేర్ పార్టుల కొట్లో దొరికే కారు తలుపు అంచు రబ్బరు, లోపల బోలుగా ఉండేది, వేసి ఏడాది దాటింది. ఇంతవరకు చెక్కుచెదరలేదు. మందంది కొనొద్దు, క్లిప్పు పడదు.

ఊహించని మేలు చేసింది గోనె పట్టా. తడిపి, పిండి, మూత మీదా పక్కలకూ వేలాడేలా కప్పి, గాలి తగిలే చోట నీడలో ఉంచాలి. మన వైపు వేసవి గాలి పొడిగాలి, తడి ఇట్టే ఆరుతుంది, ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది. కూజాలో నీళ్లు చల్లబడేదీ, కూలర్ గడ్డి పనిచేసేదీ ఇందుకే. మధ్యాహ్నం చుట్టూ 42 డిగ్రీలుండగా పట్టా కింద మూత చల్లగా తగులుతుంది. గంటకోసారి అర లీటరు నీళ్లు చల్లితే చాలు, తాగే నీళ్లే కానక్కర్లేదు. కోస్తా ఉక్కలో ఇది ఇంత బాగా పనిచేయదు. వానాకాలం మన దగ్గర కూడా అంతంతే.

పెట్టెను బండ మీద నేరుగా దించొద్దు. గండికోట లోయ అంచున రాయి పొద్దు గూకాక కూడా చాలాసేపు సెగలు కక్కుతుంది. ఇంటి ముందు పరిచిన కడప బండ కూడా అంతే, నల్ల రాయి కాబట్టి ఇంకా ఎక్కువ. రెండు కర్రముక్కలో ఇటుకలో వేసి ఎత్తు మీద పెడితే అడుగున గాలి ఆడుతుంది. కారులోనైతే డిక్కీలో కాదు, వెనక సీటు కాళ్ల దగ్గర పెట్టాలి.

కొన్న కొత్తలో దీని అడుగున ఉన్న నీళ్ల బిరడా నాకు బాగా నచ్చి, అందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. బిరడా రంధ్రం అడుగుకు వేలు మందం ఎత్తులో ఉంది, పెట్టెను వంచకపోతే అర లీటరుకు పైగా లోపలే నిలుస్తుంది. దాని రబ్బరు వాషర్ ఏడాదికే కుంచించుకుపోయి కారడం మొదలుపెట్టింది. అర అంగుళం కొళాయి వాషర్ వేస్తే ఆగింది. అసలు కరిగిన నీళ్లను ఊరికే వదిలేయకూడదని తర్వాత అర్థమైంది. ఐస్ ఉన్నంతసేపు ఆ నీళ్లు ఐస్ అంత చల్లగానే ఉండి సీసాలను చుట్టూ పట్టుకుంటాయి, గాలి ఆ పని చేయలేదు. సామాను నానుతుంటేనో, కొత్త ఐస్ వేసేటప్పుడో మాత్రమే తీయాలి.

ఐస్ ఎంత పెట్టాలన్నదానికి ఒక లెక్క. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. 40 డిగ్రీల్లో ఉన్న లీటరు నీళ్లను 5 డిగ్రీలకు దించడానికి దాదాపు 147 పోతాయి. అంటే వేడి నీళ్ల సీసాలు పది లీటర్లు పెట్టెలో పడేస్తే, అవి చల్లబడేసరికే నాలుగు కిలోలకు పైగా ఐస్ కరిగిపోతుంది. మొత్తం పెట్టిందే ఆరు కిలోలు! అందుకే తాగే నీళ్లు ఇందులో వద్దు, వాటికి వేరే జగ్గు పెట్టుకోండి. పెట్టెలోకి పోయేది ఏదైనా ముందు రోజే ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి. ఎండలో కాగిన ఖాళీ పెట్టెలోనూ ముందు రాత్రి రెండు కిలోల ఐస్ వేసి, పొద్దున తీసేసి, అప్పుడు అసలు ఐస్ నింపాలి.

ఆ ఆరు కిలోల్లో దాదాపు నాలుగు కిలోలు లీటరు సీసాల్లో గడ్డకట్టించినవైతే ఇంకా మేలు. సీసాకు 900 మి.లీ. నీళ్లే పోయాలి. గడ్డకడితే నీళ్లు తొమ్మిది శాతం దాకా పెరుగుతాయి, నిండా పోస్తే సీసా పగులుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో నాలుగు సీసాలు గట్టిపడటానికి రెండు రాత్రులు పడుతుంది. కరిగాక అవే తాగే నీళ్లు. మిగతాది ఐస్ ఫ్యాక్టరీ గడ్డ ఒకే ముక్కగా తీసుకోండి, పొడి చేయించొద్దు. చిన్న ముక్కలకు గాలి తగిలే మేర ఎక్కువ, త్వరగా కరుగుతాయి. ఆ గడ్డను తాగే వాటిలో కలపకండి. గండికోటకైతే జమ్మలమడుగులోనే తీసుకుని బయలుదేరాలి. అక్కడి నుంచి 15 కిలోమీటర్లే.

కొనమంటానా అంటే, ఎవరికన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏడాదికి నాలుగైదుసార్లు, ఒక రాత్రి, కారులో, నలుగురు మనుషులు, చేత్తో చిన్న మరమ్మతు చేసుకునే ఓపిక. ఈ లెక్కలో అయితే మూత ఖర్చు కలుపుకున్నా ఈ పెట్టె నాకు సరిపోయింది. డ్రిల్ పట్టని వాళ్లు ఇదే ధరలో మూత ‘దబ్’మనే పెట్టె దొరికేదాకా తిరగండి, నాలుగు లీటర్లు చిన్నదైనా ఫర్వాలేదు. మందపాటి రోటోమౌల్డ్ పెట్టెలు (తిరిగే అచ్చులో ప్లాస్టిక్ కరిగించి ఒకే ముక్కగా చేసినవి) రెండు మూడు రోజులు ఆపుతాయి గానీ, ఖాళీ పెట్టే ఏడెనిమిది కిలోలు, ధర దీనికి ఎన్నో రెట్లు. బైకు మీద పోయేవాళ్లకు అవి పనికిరావు. ఒక్క ట్రిప్పు కోసమే అయితే మందుల హోల్‌సేల్ కొట్లో పడి ఉండే 40 మి.మీ. గోడల థర్మాకోల్ పెట్టె అడిగి తెచ్చుకోండి. దాని మూత కూడా గోడంత మందమే ఉంటుంది. అంచు చుట్టూ ప్యాకింగ్ టేపు వేసి, అడుగున పాలిథిన్ పరిస్తే ఒక రాత్రికి ఢోకా లేదు.